పాత ఆటోమేటిక్ కారులో గేరు జారుతోందా? గేరుబాక్సు దించకముందు ఇంటి దగ్గరే చూసుకోవలసినవి

అనంతపురంలో నా షెడ్డుకు వచ్చే పాత ఆటోమేటిక్ కార్లు చాలావరకు బెంగళూరులో ఎవరో పదేళ్లు వాడి అమ్మినవే. ఇక్కడికి వచ్చాక సీటు కవర్లు మారుతాయి, టైర్లు మారుతాయి, గేరుబాక్సులో ఆయిలు మాత్రం ఎప్పుడు పోసిందో ఎవరికీ తెలియదు. నాలుగైదు నెలలకు కొన్నవారి నుంచి ఫోను వస్తుంది. అడిగేవి రెండే మాటలు. "గేరుబాక్సు పోయింది, దించాలంటున్నారు, నిజమేనా అన్నా?" అన్నది మొదటిది. "ఇన్నేళ్లు మార్చని ఆయిలు ఇప్పుడు మారిస్తే బండి అసలే కదలదట కదా?" అన్నది రెండోది. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పే జవాబును ఈసారి వరుసగా రాస్తున్నాను.

కిందటి వేసవిలో కళ్యాణదుర్గం నుంచి ఒక ఉపాధ్యాయుడు వచ్చారు. డీ (ముందుకు పోయే స్థానం) వేస్తే బండి మూడు సెకన్లు నిలబడి, తరువాత ఒక్కసారిగా ముందుకు దూకుతోంది. రెండు చోట్ల చూపించారు, రెండు చోట్లా గేరుబాక్సు దించాలన్నారు. గేరుబాక్సు ఆయిలు మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ తీస్తే దాని కొసకు ఆయిలు అంటలేదు. బోనెట్ కింద లైటు పెట్టి వెతికితే గేరుబాక్సు నుంచి రేడియేటర్‌కు వెళ్లే రబ్బరు పైపు మీద తుప్పు పట్టిన క్లిప్పు ఒకటి కనిపించింది. దాని చుట్టూ దుమ్ము నూనెతో కలిసి నల్లటి ముద్దలా పేరుకుంది. పైపు, రెండు క్లిప్పులు మార్చి లీటరున్నర ఆయిలు పోశాను. ఆ సాయంత్రమే ఆయన బండి నడుపుకుంటూ వెళ్లారు. అన్ని బళ్లూ ఇంత తేలిగ్గా బాగుపడవు. కానీ ఆ డిప్‌స్టిక్కును అంతకుముందు ఎవరూ తీసి చూడలేదన్న బాధ నాకు ఇంకా ఉంది.

ముందు మీ బండి ఏ రకమో తెలుసుకోండి

ఇక్కడ రాసేది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిలు ద్వారా గేరుబాక్సుకు అందించే భాగం) ఉండే పాత రకం ఆటోమేటిక్ గురించి. పాత హ్యుందాయ్ ఐ10 ఆటోమేటిక్, మారుతి ఎస్ఎక్స్4 ఆటోమేటిక్, నాలుగు గేర్ల కరోలా ఆల్టిస్, 2008 తరువాత వచ్చిన హోండా సిటీ ఐదు గేర్ల ఆటోమేటిక్ ఈ రకమే. 2003 నుంచి 2008 దాకా వచ్చిన హోండా సిటీ ఆటోమేటిక్ మాత్రం సీవీటీ. దాని లోపల గేర్ల బదులు బెల్టు ఉంటుంది, ఆయిలు కూడా వేరు. 2014లో సెలేరియోతో మొదలైన ఏఎంటీ అసలు మాన్యువల్ గేరుబాక్సే, క్లచ్ పని మాత్రం యంత్రం చేస్తుంది. రెండు క్లచ్‌లతో పనిచేసే డీఎస్‌జీది మరో దారి. ఈ మూడు రకాలకు కింద రాసిన ఆయిలు పద్ధతులు వాడకండి.

సిద్ధాంతం రెండు మాటల్లో చెబుతాను. ఈ గేరుబాక్సులో ఆయిలు కందెన మాత్రమే కాదు. ఇంజిన్ తిప్పే పంపు ఆ ఆయిలును ఒత్తిడితో తోస్తేనే లోపలి క్లచ్ ప్లేట్లు బిగుసుకుంటాయి. ఆయిలు తగ్గినా, నురగ కట్టినా, కాలిపోయినా ఆ పట్టు తప్పుతుంది, గేరు జారడమంటే అదే. అందుకే గేరుబాక్సులో ఏ తేడా వచ్చినా ముందు ఆయిలు దగ్గరికి వెళ్లాలి.

కావలసినవి

- బండికి చెప్పిన ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలు. మూడు విడతల మార్పిడికి సాధారణంగా 8 లీటర్లు
- డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్లు మూడు. కింద పాన్ (విప్పి దించగల ఆయిలు తొట్టి) ఉండే బండి అయితే ఫిల్టరు, పాన్ గాస్కెట్
- రాట్చెట్, సాకెట్లు, వీలైతే టార్క్ రెంచ్
- జాకీ, రెండు స్టాండ్లు, వాటి కింద పెట్టడానికి మందపాటి చెక్కలు
- సన్నటి పొడవాటి గొట్టం ఉన్న గరాటు, వెడల్పాటి టబ్బు, ఖాళీ లీటరు నీళ్ల సీసాలు ఏడెనిమిది
- పోగులు రాలని శుభ్రమైన గుడ్డ, తెల్ల కాగితం, టార్చి, చేతి తొడుగులు

గుడ్డ గురించి గట్టిగా చెప్పాలి. షెడ్డుల్లో చేతులు తుడుచుకునే కాటన్ వేస్ట్‌తో డిప్‌స్టిక్ తుడవకండి. దాని పోగు ఒక్కటి లోపలికి పోయినా ఆయిలును క్లచ్‌లకు మళ్లించే వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది. వెంట్రుకంత పోగు వల్ల గేరు జర్కు ఇచ్చిన బళ్లను నేను విప్పి చూశాను.

ఆయిలు రంగు చూసి కొనడం మన ఊళ్లలో జరిగే అతి పెద్ద తప్పు. ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కావు. పాత హ్యుందాయ్ నాలుగు గేర్ల బళ్లకు ఎస్‌పీ-3, హోండాకు ఒకప్పుడు జడ్-1, దాని స్థానంలో ఇప్పుడు డీడబ్ల్యూ-1, టయోటాలో పాతవాటికి టైప్ టీ-4, తరువాతి వాటికి డబ్ల్యూఎస్, మారుతి నాలుగు గేర్ల వాటికి 3317 అన్నవి తరచుగా వినిపించే పేర్లు. మీ బండి ఓనర్స్ మాన్యువల్‌లో లేదా డిప్‌స్టిక్ మీద ఏ పేరు ఉంటే అదే కొనండి. దుకాణదారు "అన్నిటికీ ఇదే పోస్తారు" అంటే మరో దుకాణానికి వెళ్లండి. సీలు ఊడిన డబ్బా ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.

1. లక్షణాన్ని కాగితం మీద రాయండి

"గేరు సరిగా పడటం లేదు" అంటే ఏ మెకానిక్కుకూ ఏమీ తెలియదు. ఎప్పుడు, ఏ గేరులో, బండి చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఎంత వేగంలో అన్నది రాయండి. పొద్దున మొదటిసారి మాత్రమే ఆలస్యంగా పడుతోందంటే ఆయిలు తగ్గడమో, రబ్బరు సీళ్లు గట్టిపడటమో కారణం కావచ్చు. వేడెక్కాక మాత్రమే జారుతోందంటే ఆయిలు పలుచబడి ఒత్తిడి నిలవడం లేదని అనుమానించాలి. ఆర్ (రివర్స్) పడక డీ పడుతుంటే తప్పు ఆర్‌కు సంబంధించిన క్లచ్ దగ్గరే ఉండవచ్చు. ఈ కాగితం మీకు తరువాత బోలెడు డబ్బు మిగులుస్తుంది.

2. ఆయిలు మట్టం సరిగ్గా చూడండి

బండి సమతలంగా నిలవాలి. నేల మీద చెంబెడు నీళ్లు పోయండి. నీళ్లు ఒకవైపు పారితే అక్కడ చూడకండి.

బండిని 15, 20 కిలోమీటర్లు నడిపి తీసుకురండి. వేడి గుర్తులు ఉండే డిప్‌స్టిక్ చెప్పేది వేడెక్కిన ఆయిలు మట్టమే. తరువాత బండి రకాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

హ్యుందాయ్, టయోటా, మారుతి పాత బళ్లలో చాలావాటికి ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి. బ్రేకు గట్టిగా తొక్కి లీవరును పీ (పార్కింగ్) నుంచి కింది దాకా, కింది నుంచి పీ దాకా ఒక్కో స్థానంలో రెండు మూడు సెకన్లు నిలుపుతూ కదపండి. పీలో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపకుండా డిప్‌స్టిక్ తీయండి. కొన్ని మోడళ్లలో పీకి బదులు ఎన్ (న్యూట్రల్)లో చూడమంటారు. మాన్యువల్ ఏది చెబితే అది పాటించండి.

హోండాలో ఇందుకు పూర్తిగా తిరుగుడు. బండి వేడెక్కాక ఇంజిన్ ఆపేసి, 60 నుంచి 90 సెకన్లలోపు చూడాలి. ఈ తేడా తెలియక హోండాలో ఇంజిన్ నడిపిస్తూ చూసి, మట్టం తక్కువగా ఉందనుకుని ఆయిలు మీద ఆయిలు పోసేవారు ఉన్నారు. ఎక్కువైన ఆయిలును తిరిగే భాగాలు చిలుకుతాయి, నురగ వస్తుంది, నురగకు ఒత్తిడి నిలవదు. బాగున్న గేరుబాక్సు కూడా అప్పుడు జారుతుంది.

మొదటిసారి తీసి తుడవండి, లోపలికి పూర్తిగా దింపి మళ్లీ తీయండి. రెండు వైపులా చూసి, తక్కువ చూపించే వైపును నమ్మండి. తగ్గితే ఒక్కసారికి 200 మిల్లీలీటర్లకు మించి పోయకండి. పోసిన ప్రతిసారీ మళ్లీ చూడండి.

డిప్‌స్టిక్ లేని బళ్లు కూడా ఉన్నాయి. వాటికి గేరుబాక్సు పక్కన మట్టం చూసే బోల్టు ఉంటుంది. ఆయిలు ఇంత ఉష్ణోగ్రతలో ఉండగా దాన్ని విప్పాలన్న నియమం ఉంటుంది కాబట్టి ఆ పనిని బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉన్నవారికి వదిలేయండి.

3. ఆయిలును కాగితం మీద వేసి చూడండి

తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేసి పది నిమిషాలు ఎండలో కాకుండా నీడలో ఉంచండి.

ఎర్రగా, పారదర్శకంగా వ్యాపిస్తే మంచిది. లేత గోధుమ రంగుకు తిరిగి, వాసన మామూలుగా ఉంటే ఆయిలు పాతబడింది, మార్చవచ్చు. నల్లగా ఉండి, మాడిన వాసన వస్తూ, చుక్క మధ్యలో నల్లటి నలుసులు మిగిలితే అవి క్లచ్ ప్లేట్ల లైనింగు ముక్కలు. వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా తగులుతాయి. మెరిసే ఇనుప రజను కనిపిస్తే లోపల బేరింగో, పంపో, గేరో అరుగుతోంది.

వీటన్నిటికంటే భయపడవలసిన రంగు ఇంకొకటి ఉంది. ఆయిలు రోజ్ మిల్క్‌లా, లేత గులాబీ రంగులో చిక్కగా కనిపిస్తే అందులో నీళ్లు కలిశాయి. చాలా బళ్లలో గేరుబాక్సు ఆయిలును చల్లబరిచే గొట్టం రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది. అది చిల్లు పడితే కూలెంట్ గేరుబాక్సులోకి, ఆయిలు రేడియేటర్‌లోకి పోతాయి. మన జిల్లాలో దీనికి ఒక సొంత కారణం ఉంది. వెయ్యి అడుగుల బోర్ల నీటిలో ఉప్పు ఎంత ఉంటుందో ఇంట్లో పాత్రలు తోమేవారికి తెలుసు. అదే నీటిని రేడియేటర్‌లో పోస్తే తెల్లటి పెంకు కడుతుంది, లోహాన్ని తింటుంది. చెంబుతో ఏడాది పొడవునా బోరు నీళ్లు పోసిన బండిలో కూలర్ గొట్టం తుప్పు పట్టడంలో ఆశ్చర్యం లేదు. రేడియేటర్‌లో కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏదీ పోయకండి.

గులాబీ రంగు కనిపించిన వెంటనే ఇంజిన్ ఆపండి, మళ్లీ స్టార్ట్ చేయకండి. కూలెంట్ తగిలిన క్లచ్ ప్లేట్లలో లైనింగును అంటించిన జిగురు వదులుతుంది. నాలుగు కిలోమీటర్లు నడుపుకుంటూ షెడ్డుకు తెచ్చేకంటే ఎత్తించుకుని తేవడమే మేలు. రేడియేటర్ మార్చి ఆ రోజే ఆయిలు రెండు మూడు సార్లు మార్చిన బళ్లు కొన్ని బతికాయి. వారం నడిపి తెచ్చినవి బతకలేదు.

4. కారుతున్న చోటు వెతకండి

తగ్గిన ఆయిలు ఎక్కడికో పోయి ఉండాలి. గేరుబాక్సు ఆయిలును మండించదు. కూలర్ పైపుల చివర్లు, పాన్ అంచు, చక్రాల వైపు వెళ్లే ఇరుసుల సీళ్లు, ఇంజినుకూ గేరుబాక్సుకూ మధ్య అతుకు, ఈ నాలుగు చోట్లా టార్చి వేయండి. దుమ్ము తడిసి ముద్ద కట్టిన చోటు కనిపిస్తే కడిగి, ఆరబెట్టి, మర్నాడు మళ్లీ చూడండి. అతుకు దగ్గర కారుతుంటే అది టార్క్ కన్వర్టర్ ముందున్న సీలు కావచ్చు, దానికి మాత్రం గేరుబాక్సు దించక తప్పదు. మిగిలిన మూడూ బండి మీదనే చేయగల పనులు. కూలర్ పైపుకు బదులు పెట్రోలు పైపో, నీళ్ల పైపో వేయకండి. వేడి ఆయిలుకు తట్టుకునే పైపు అని అడిగి కొనండి.

5. గేరుబాక్సు కాని అనుమానితులు

దీన్ని దాటవేయకండి. గేరుబాక్సు పోయిందంటూ ఎత్తుకుని వచ్చిన బళ్లలో కొన్ని ఈ అంశాలతోనే తిరిగి వెళ్తాయి.

లీవరు పీ నుంచి కదలడం లేదా? ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేకు తొక్కండి. బ్రేకు లైటు వెలగకపోతే తప్పు బ్రేకు పెడల్ పైనున్న స్విచ్చుదో, ఫ్యూజుదో. బ్రేకు తొక్కినట్లు సంకేతం అందకపోతే లీవరు తాళం విడవదు. అత్యవసరంలో లీవరు పక్కన చిన్న మూత కింద తాళం విడిపించే రంధ్రం ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వేసి, అందులో తాళంచెవి కొసతో నొక్కితే కదులుతుంది. ఆ తరువాత బ్రేకు లైటు బాగుచేయకుండా రోడ్డెక్కకండి.

పీలో స్టార్ట్ కాక, ఎన్‌లో మాత్రమే స్టార్ట్ అవుతోందా? లీవరు కేబులు సాగి ఉండాలి, లేదా గేరుబాక్సు మీద ఉండే గేరు స్థానం చెప్పే స్విచ్చు జరిగి ఉండాలి.

డీ వేయగానే ఇనుము కొట్టినట్లు ధడ్డుమంటోందా? బోనెట్ తెరిచి, మరొకరిని సీట్లో కూర్చోబెట్టి, బ్రేకు తొక్కి ఉంచమని చెప్పి, డీ, ఆర్ మార్పించండి. మీరు బండికి ఎదురుగా నిలబడకుండా పక్కన ఉండి చూడండి. ఇంజిన్ జానెడు ఎగిరిపడుతుంటే దాన్ని పట్టి ఉంచే మౌంటు రబ్బరు చిరిగింది. ఐడిల్ ఆర్‌పీఎం ఎక్కువగా ఉన్నా ఈ దెబ్బే వినిపిస్తుంది.

గేర్లు ఇష్టమొచ్చినట్లు మారుతున్నాయా? బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి ఉందేమో, గేరుబాక్సుకు బిగించిన ఎర్త్ తీగ వదులైందేమో చూడండి. కరెంటు సరిగా అందకపోతే గేరు మార్చే సోలినాయిడ్లు (కరెంటుతో తెరుచుకునే వాల్వులు) సరిగా పనిచేయవు.

బాగా పాత బళ్లలో యాక్సిలరేటర్ నుంచి గేరుబాక్సుకు ఒక సన్నటి కేబులు వెళ్తుంది. అది వదులైతే గేర్లు తొందరగా మారి, ఒత్తిడి చాలక ప్లేట్లు జారి కాలిపోతాయి. యాక్సిలరేటర్ కేబులు మార్చిన తరువాత గేర్లలో తేడా వచ్చిందంటే ముందు దీన్నే చూపించండి.

6. నడిపి చూడండి

చదునైన చోట బండి వేడిగా ఉండగా ఎన్ నుంచి డీకి మార్చి, మెత్తటి కుదుపు తగిలేదాకా సెకన్లు లెక్కించండి. టయోటా మాన్యువళ్లలో డీకి 1.2 సెకన్లు, ఆర్‌కు 1.5 సెకన్లలోపు పడాలని ఉంటుంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, మధ్యలో నిమిషం విరామం ఇస్తూ మూడుసార్లు చూసి సగటు తీయండి.

తరువాత ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా యాక్సిలరేటర్ తొక్కుతూ పోండి. ఆర్‌పీఎం ముల్లు లేస్తూ వేగం లేవకపోతే ఆ గేరులో జారుతోంది. బయలుదేరేటప్పుడే బరువుగా కదిలి, ఎంత తొక్కినా గేరు మారకుండా ఉంటే కంప్యూటర్ ఏదో తప్పు పసిగట్టి బండిని ఒకే గేరులో, చాలా మోడళ్లలో మూడో గేరులో, బిగించింది. హోండాలో డీ లైటు మిణుకుతూ అదే చెబుతుంది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుపడుతుంది. దాంతో తృప్తిపడకుండా స్కానర్ పెట్టించి కోడు రాయించుకోండి. చాలాసార్లు ఒక్క సోలినాయిడో, కనెక్టరో మారిస్తే సరిపోతుంది.

60, 80 మధ్య వేగంలో, యాక్సిలరేటర్ తేలికగా తొక్కినప్పుడు, స్పీడ్ బ్రేకర్ గీతల మీద పోతున్నట్లు సన్నటి వణుకు వస్తోందా? వెనక బళ్లు లేవని చూసుకుని, యాక్సిలరేటర్ వదలకుండా బ్రేకు పెడల్‌ను ఎడమ కాలితో అతి తేలికగా తాకండి. వణుకు వెంటనే ఆగితే అది టార్క్ కన్వర్టర్ లోపల ఇంజినును గేరుబాక్సుకు నేరుగా బిగించే లాకప్ క్లచ్‌ది. ఆయిలు మారిస్తే తగ్గే అవకాశం ఉంది. ఆగకపోతే ప్లగ్గులు, కాయిల్ చూపించండి. గేరుబాక్సు జోలికి వెళ్లకండి.

బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే పరీక్ష ఒకటి ఉంది. పాత గేరుబాక్సు మీద ఇంటి దగ్గర ఆ పరీక్ష చేయకండి. కొద్ది సెకన్లలోనే ఆయిలు మరిగిపోతుంది, బ్రేకు జారితే ప్రాణాల మీదికి వస్తుంది.

7. ఆయిలు మార్చాలా, వద్దా?

ఇన్నేళ్లు మార్చని ఆయిలు మారిస్తే బండి కదలదా అన్న ఆ రెండో ప్రశ్న ఇప్పుడు. ఆయిలు గోధుమ రంగులో ఉండి, గేర్లు జారకుండా ఉంటే ధైర్యంగా మార్చండి, లక్ష కిలోమీటర్లు దాటినా సరే. ఆయిలు నల్లబడి, నలుసులు ఉండి, గేర్లు అప్పటికే జారుతుంటే ప్లేట్లు అరిగిపోయాయి. ఏ ఆయిలూ లైనింగును తిరిగి మొలిపించదు. అలాంటి బండికి ఆయిలు మార్చిన వారానికి పూర్తిగా జారిపోతే నింద ఆయిలు మీద పడుతుంది. ఈ నమ్మకం అలా పుట్టిందే. ఆ స్థితిలో ఆయిలుకు పెట్టే డబ్బును రీబిల్డుకు, అంటే గేరుబాక్సు విప్పి అరిగిన భాగాలు మార్చడానికి దాచుకోండి.

యంత్రం పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగే పద్ధతిని పాత బళ్లకు నేను ఒప్పుకోను. అడుగున కుదురుగా ఉన్న మడ్డి లేచి సన్నటి దారుల్లో చేరుతుంది. విడతలుగా మార్చడమే మేలు.

8. విడతల మార్పిడి

అ) బండిని పది కిలోమీటర్లు నడిపి, అరగంట చల్లారనివ్వండి. మరిగే ఆయిలు చేతి తోలు ఊడదీస్తుంది.

ఆ) జాకీ ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. మన వాకిళ్లలో పరిచే కడప బండ పలుచగా ఉంటే స్టాండు కాలికి పగిలిపోతుంది. చెక్క వేసిన తరువాతే స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎన్నడూ దూరకండి.

ఇ) విప్పకముందు ఆ బోల్టు గేరుబాక్సుదేనా అని రెండుసార్లు చూడండి. ఇంజిన్ ఆయిలు మార్చబోయి గేరుబాక్సు ఆయిలు వదిలేసి, పైన ఇంజినులో ఇంకో నాలుగు లీటర్లు పోసిన బండి నా దగ్గరికి వచ్చింది. హోండాలో గేరుబాక్సు బోల్టుకు చదరపు రంధ్రం ఉంటుంది. 3/8 అంగుళం రాట్చెట్ కొస నేరుగా అందులో కూర్చుంటుంది.

ఈ) టబ్బు పెట్టి విప్పండి. ఒక విడతకు సాధారణంగా రెండున్నర నుంచి మూడు లీటర్లే దిగుతుంది. మిగిలినది కన్వర్టర్‌లో, దారుల్లో ఉండిపోతుంది. బోల్టు కొసన అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉండటం సహజం. గోరుకు తగిలే ముక్కలు ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి.

ఉ) పాన్ ఉన్న బండి అయితే బోల్టులు ఒకవైపు ముందు వదులు చేసి, ఆయిలు ఒక మూల నుంచి కారనిచ్చి, తరువాత దించండి. ఫిల్టరు మార్చండి. పాత ఫిల్టరు రబ్బరు రింగు పైన అంటుకుని ఉండిపోతే, దాని మీదే కొత్తది ఎక్కించకండి. గాస్కెట్ ఉన్న చోట గాస్కెట్, కంపెనీ సీలెంట్ పెట్టిన చోట సీలెంట్ మాత్రమే. సీలెంట్ లావుగా పూస్తే లోపలికి పొంగిన ముక్క ఊడి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. పాన్ బోల్టులు సన్నవి, గట్టిగా తిప్పితే అల్యూమినియం మరలు అరిగిపోతాయి. మణికట్టు బలం మించకుండా ఎదురెదురుగా బిగించండి.

ఊ) దిగిన ఆయిలును నీళ్ల సీసాల్లో పోసి కొలవండి. ఇది ఒక్కటి చేస్తే సగం తప్పులు తప్పుతాయి. రెండు సీసాలు నిండి మూడోది ముప్పాతిక అయితే, కొత్తది కూడా సరిగ్గా అంతే పోయాలి. ఆ బండిలో ముందే ఆయిలు తక్కువ ఉందని 2వ మెట్టులో తేలితే ఆ లోటు కలపండి.

ఋ) కొత్త వాషరు వేసి బోల్టు బిగించండి. హోండా డ్రెయిన్ బోల్టుకు 49 న్యూటన్ మీటర్లు. పాత వాషరు తిప్పి వేయడం మన దగ్గర అలవాటు. ఆ రెండు రూపాయల పొదుపు వల్ల ఆయిలు చుక్క చుక్కగా పోతుంది.

ౠ) సన్నటి గరాటుతో నెమ్మదిగా పోయండి. బండి దించి, స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి అన్ని స్థానాల్లోకీ ఐదేసి సెకన్లు లీవరు కదపండి. వేడెక్కాక మట్టం చూడండి.

మొత్తం 6 లీటర్లు పట్టే గేరుబాక్సులో ఒక విడతకు రెండున్నర లీటర్లు మారుతుందనుకుందాం. మొదటి విడతకు పాతది 58 శాతం మిగులుతుంది, మూడో విడతకు 20 శాతానికి దిగుతుంది. అందుకే రెండు వందల కిలోమీటర్ల చొప్పున నడిపి ఇదే పని మరో రెండుసార్లు చేయండి. పాన్, ఫిల్టరు ఒక్కసారి విప్పితే చాలు. పాత ఆయిలును కాలువలోనో, పొలం గట్టునో పారబోయకండి. సీసాల్లో మూతపెట్టి వాడిన ఆయిలు కొనేవారికి ఇవ్వండి.

మన ఎండలకు ఆ తరువాత 40,000 కిలోమీటర్లకో మూడేళ్లకో, ఏది ముందైతే అప్పుడు ఒక విడత మార్చడం నా అలవాటు.

9. ఇవేవీ ఫలించకపోతే

అప్పుడు రీబిల్డు. అడగవలసినవి అడగండి. విప్పిన పాత ప్లేట్లు చూపిస్తారా, సీళ్ల కిట్టు మొత్తం మారుస్తారా, టార్క్ కన్వర్టర్‌ను కోసి బాగుచేస్తారా లేక పాతదే వేస్తారా, కూలర్ గొట్టాలు కడుగుతారా? చివరిది ముఖ్యం. పాత గేరుబాక్సు రజనంతా కూలర్‌లో కూర్చుని, కడగకపోతే మొదటి రోజే కొత్త ప్లేట్ల మీదికి వస్తుంది. బండి విప్పే చోటు నేల ఊడ్చి ఉందా, బల్ల శుభ్రంగా ఉందా అని కూడా చూడండి. దుమ్ములో విప్పిన వాల్వ్ బాడీ ఎంత మంచి చేయి బిగించినా నిలవదు.

బండిని షెడ్డుకు తెచ్చేటప్పుడు ముందు చక్రాలు లాగే కారును తాడు కట్టి ఎన్‌లో పెట్టి లాగకండి. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, లోపలి భాగాలకు ఆయిలు అందక ఎండిపోతాయి. ముందు చక్రాలు గాలిలో ఉండాలి, లేదా బండి మొత్తం లారీ ఎక్కాలి.

10. ఘాటు ఎక్కేవారికి

కడప నుంచి రాయచోటి వెళ్లే గువ్వలచెరువు ఘాటు, కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే నల్లమల మలుపులు పాత ఆటోమేటిక్‌ను బాగా శోధిస్తాయి. లారీల వెనక ఏటవాలులో నిలబడినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని ఆపిపట్టకండి. కన్వర్టర్‌లో ఆయిలు సుడి తిరిగి మరుగుతుంది. బ్రేకుతో పట్టి ఉంచండి. ఎక్కేటప్పుడు గేరు పదేపదే పైకీ కిందికీ మారుతుంటే లీవరును 2లోకో, 3లోకో దించి స్థిరంగా ఎక్కండి. దిగేటప్పుడు ఎన్ వేయకండి, చిన్న గేరులో ఇంజిన్ పట్టుతో దిగండి. దారిలో మాడిన వాసన వస్తే పక్కకు తీసి, పీలో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే బోనెట్ తెరవండి. ఇంజిన్ నడుస్తుంటే ఆయిలు కూలర్‌లో తిరుగుతూ చల్లారుతుంది. ఇంజిన్ ఉష్ణోగ్రత ముల్లు కూడా పైకి లేస్తుంటే మాత్రం ఆపేయండి. ఘాటు తరచుగా ఎక్కేవారు ఏసీ కండెన్సర్ ముందు విడిగా ఒక ఆయిలు కూలర్ బిగించుకోవడం మంచి ఖర్చు.

నిలిపేటప్పుడు వరుస ఇది: బ్రేకు, ఎన్, హ్యాండ్ బ్రేకు, బ్రేకు కొద్దిగా వదిలి బండి కుదురుకోనివ్వడం, అప్పుడు పీ. నేరుగా పీ వేస్తే బండి బరువంతా లోపలి చిన్న ఇనుప కొక్కెం మీద వేలాడుతుంది.

పని అయ్యాక చూసుకోవలసినవి

మొదటి రాత్రి బండి కింద గేరుబాక్సుకు సరిగ్గా దిగువన వెడల్పాటి అట్ట పరిచి, ముందు చక్రాల స్థానం అట్ట మీద గీసి పెట్టండి. పొద్దున ఎర్రటి చుక్క పడితే ఆ గీతల ఆధారంగా అది బోల్టుదో, పాన్ అంచుదో, పైపుదో తెలిసిపోతుంది. ఏసీ నుంచి కారే నీళ్లను చూసి కంగారుపడకండి, ఆ మచ్చ మధ్యాహ్నానికి ఆరిపోతుంది, నూనె మచ్చ ఆరదు. వారం తరువాత మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీసి, అవే వేగాల్లో, అదే రోడ్డు మీద మళ్లీ నడిపి చూడండి. డీ పడటానికి పట్టే సెకన్లు తగ్గాయో లేదో స్టాప్‌వాచ్‌తో కొలిచి, పాత అంకె పక్కనే కొత్త అంకె రాయండి.